జొన్న ఉడికితే లోపల ఏం జరుగుతుంది?

"జొన్నలో బియ్యం కన్నా మాంసకృత్తులు ఎక్కువని పట్టికల్లో ఉంటుంది కదా, మరి జొన్న బాగా తినే ఆఫ్రికా దేశాల కోసం ఇంకా పోషకాలున్న వంగడాలు ఎందుకు వెతుకుతున్నారు?" అని ఒక పాఠకురాలు అడిగారు. చాలా మంచి ప్రశ్న. ఆ పట్టిక చెప్పేది పచ్చి గింజలో ఎంత ఉందనే. ఉడికాక ఎంత అరుగుతుందో బడిలో మనం పిల్లలకు చెప్పనే చెప్పం. పట్టిక బట్టీ పట్టించి వదిలేస్తాం. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

1981లో పెరూలో చిన్న పిల్లలకు జొన్న జావ పెట్టి కొలిస్తే, మాంసకృత్తుల్లో 46 శాతమే అరిగింది. గోధుమకైతే అది 81 శాతం.

దీనికి కారణం కాఫిరిన్లు. జొన్న మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం ఇవే. గింజలో కంటికి కనిపించనంత చిన్న గుండ్రటి ఉండలుగా ఉంటాయి. ఒక్కో ఉండను కొబ్బరికాయ అనుకోండి. లోపలి కొబ్బరి ఆల్ఫా కాఫిరిన్, మొత్తంలో సుమారు ముప్పాతిక వంతు. పైచిప్ప బీటా, గామా కాఫిరిన్లు. ఈ చిప్పలో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం (మాంసకృత్తుల్ని కట్టే ఇటుకల్లో ఒకటి) ఎక్కువ. సిస్టీన్‌లో గంధకం ఉంటుంది. నీళ్లు పోసి ఉడికిస్తే ఆ గంధకం పరమాణువులు జతలు కట్టి డైసల్ఫైడ్ బంధాలు వేసుకుంటాయి. చిప్ప మరింత బిగుసుకుంటుంది. కడుపులో మాంసకృత్తుల్ని అరిగించే పెప్సిన్ అనే ఎంజైము దాన్ని ఛేదించలేక పైపైనే ఆగిపోతుంది, కొబ్బరిలో చాలా భాగం తినకుండానే మిగిలిపోతుంది. ఉడికిస్తే అరుగుదల ఇంతగా తగ్గడం ప్రధాన ధాన్యాల్లో జొన్నకే ప్రత్యేకం.

పిండి పులిస్తే అరుగుదల ఇంతగా పడిపోదు. సూడాన్‌లో కిస్రా, ఇథియోపియాలో జొన్నతోనూ చేసే ఇంజెరా, రెండూ పులిసిన పిండితో కాల్చే అట్లే. అక్కడి ఆడవాళ్లు తరతరాలుగా చేస్తున్న ఈ పని నా దృష్టిలో గొప్ప ఆహార విజ్ఞానం.

ఇక వంగడాల సంగతి. 1973లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు ఇథియోపియాలోని వొల్లో ప్రాంతపు జొన్నల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువున్న రెండు రకాలు కనిపెట్టారు. రైతులకు అవి ముందే తెలుసు, పాలకంకుల్ని కాల్చుకు తినేవాళ్లు. కానీ ఎండిన గింజ సొట్టలు పడుతుంది, దిగుబడి తక్కువ. తర్వాత 1990ల్లో పర్డ్యూలోనే పీ721 అనే ఉత్పరివర్తన (జన్యువులో మార్పు వచ్చిన) రకం సంతతిలో అసలైన ఆశ్చర్యం బయటపడింది. వాటిలో ఉండలు గుండ్రంగా లేవు, మడతలు పడి ఉన్నాయి. గామా చిప్ప మడతల అడుగుకు చేరింది, కొబ్బరి బయటపడింది. ఉడికించినా పెప్సిన్ సులువుగా పని చేస్తుంది! ఈ సూక్ష్మదర్శిని చిత్రాలు ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

మరి పశ్చిమ ఆఫ్రికాలోని మాలీలో ఈ రకాన్ని వెంటనే ఎందుకు నాటలేదు? గింజ మెత్తన. రోట్లో దంచితే తవుడుతోపాటు నలిగి పిండైపోతుంది. గట్టి గింజైతేనే పొట్టు విడిగా ఊడుతుంది. అక్కడి 'తో' మన సంకటిలాంటి ముద్ద. మాలీలో బూడిద నీళ్లతో, బుర్కినా ఫాసోలో చింతపండు పులుపుతో వండుతారు. ముద్ద గట్టిగా ఉండాలి, చేతికి అంటుకోకూడదు, మర్నాటికీ చెడకూడదు. మెత్తటి గింజతో అది జిగటైపోతుంది. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో 1981లో జొన్న గింజ నాణ్యత మీదే అంతర్జాతీయ సదస్సు జరిగింది. వండేవాళ్ల ఈ కొలతలు అక్కడ లెక్కలోకి రావడం నాకు చాలా నచ్చిన విషయం.

2006లో తెస్ఫాయె తెస్సో, ఇథియోపియాలో పుట్టిన గెబిసా ఎజెటా తదితరుల బృందం సులువుగా అరిగే గుణం పోకుండానే గింజలో కొంత భాగం గట్టిపడిన రకాన్ని వివరించింది. మెత్తదనమూ అరుగుదలా విడదీయరానివి కావని దాంతో తేలింది.