చెట్ల పనిముట్లు: అపోహలు - వాస్తవాలు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. మర్నాడు చూస్తే మా వీధి చివర నిద్రగన్నేరు రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. నా దగ్గర నాన్న గొడ్డలి, ఒక పాత మోకు తప్ప ఏమీ లేవు. ఆ వారంలోనే చాలామందిలాగే నేనూ అప్పు చేసి చెట్లు కోసే మెషిన్, చైన్‌సా కొన్నాను. ఎవరూ నేర్పలేదు. షాపులో ఒకసారి స్టార్ట్ చేసి చూపించారు, అంతే. అప్పటి నుంచి ఇదే నా పని. ఇప్పుడు మేం ఆరుగురం.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్లు, చెట్టు కొట్టించుకునే ఇంటివాళ్లు అనే మాటలు ఇన్నేళ్లలో పెద్దగా మారలేదు. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను. మనవాళ్లు డబ్బంతా మెషిన్ మీద పెట్టి, ప్రాణం వేలాడే తాడు దగ్గర పొదుపు చేస్తున్నారు. ముందు తాడు, బెల్టు, హెల్మెట్, చైన్ నుంచి కాపాడే ప్యాంటు కొనాలి. మెషిన్ ఆ తర్వాత.

అపోహ: పెద్ద మెషిన్ అయితే పని త్వరగా అయిపోతుంది.

ఆన్‌లైన్‌లో 58 సీసీ, 22 అంగుళాల బార్ (చైన్ తిరిగే పొడవాటి పట్టీ) చూసి చాలామంది అదే కొంటారు. పెట్రోలు, ఆయిల్ పోసి బార్ తగిలిస్తే అది ఏడు కిలోల దాకా తూగుతుంది. కింద నిలబడి మొద్దులు కోయడానికి సరే. ఇళ్ల మధ్య మేం కోసేవాటిలో ఎక్కువ భాగం అడుగు మందం కూడా లేని కొమ్మలే. వాటికి 35 నుంచి 40 సీసీ ఇంజిన్, 14 లేదా 16 అంగుళాల బార్ సరిపోతాయి. చేయి అలిసిపోయాక చేసే కోతే అన్నిటికంటే ప్రమాదం. సాయంత్రం నాలుగింటికి కూడా చేతిలో అదుపు తప్పని బరువు ఎంతో చూసుకుని మెషిన్ కొనాలి.

లావు మాను వస్తే ఎలా అంటారా? రెండు వైపుల నుంచి కోస్తే, బార్ పొడవుకు దాదాపు రెండింతల మందాన్ని కూడా తెగ్గొట్టొచ్చు. చిన్న ఇంజిన్‌కు పొడవాటి బార్ తగిలిస్తే మాత్రం అది కోయదు, రొప్పుతుంది.

అపోహ: చైన్ పదును మరీ ఎక్కువైతే ప్రమాదం. కాస్త మొద్దుబారినదే నయం.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉంటుంది నిజం. మొద్దుబారిన చైన్‌ను మనిషి బలంతో నొక్కాల్సి వస్తుంది. నొక్కేవాడి ఒళ్లు ముందుకు వాలుతుంది. కొమ్మ తెగిన క్షణంలో మెషిన్ సర్రున కిందికి దిగి కాలి మీదికి వస్తుంది. పదునున్న చైన్ తన బరువుతోనే దిగుతుంది, మనం దారి చూపిస్తే చాలు.

పదును ఉందో లేదో తెలుసుకోవాలంటే కింద పడేదాన్ని చూడండి. చెక్కపేళ్లు రాలుతుంటే బాగున్నట్టు. పిండిలాంటి పొట్టు రాలుతుంటే వెంటనే ఆపేయండి. కోత ఒక పక్కకే వంకరగా పోతుంటే ఒక వైపు పళ్లు అరిగాయని అర్థం.

పదును పెట్టడం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. చైన్ పిచ్‌ను, అంటే లింకుల మధ్య దూరాన్ని బట్టి గుండ్రటి ఆకురాయి సైజు మారుతుంది. పాయింట్ 325 చైన్‌కు 4.8 మిల్లీమీటర్లది, చిన్న మెషిన్లకు వచ్చే మూడు బై ఎనిమిది 'లో-ప్రొఫైల్' (ఎత్తు తక్కువ) చైన్‌కు 4 మిల్లీమీటర్లది. బార్‌ను మొద్దు మీద గాటు పెట్టి అందులో బిగించాలి. చైన్ బ్రేక్ వేయాలి. మొదటి పంటికి మార్కర్‌తో గుర్తు పెట్టాలి, లేకపోతే ఎక్కడ మొదలుపెట్టామో తెలియదు. ఆకురాయిని పంటి లోపలి వైపు నుంచి బయటికి తోయాలి. తోసేటప్పుడే ఒత్తాలి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తేయాలి. కోణం చాలా చైన్లకు 30 డిగ్రీలు, పెట్టె మీద రాసి ఉంటుంది. పంటికి మూడు నాలుగు తోపులు, అన్నింటికీ లెక్క ఒకటే. ఒక వైపు పళ్లన్నీ అయ్యాక రెండో వైపు. పంటి అంచు మీద వెలుగు పడి తెల్లటి గీత మెరుస్తుంటే ఇంకా మొద్దుగా ఉన్నట్టు. ఆ మెరుపు పోతే పదును వచ్చినట్టు.

పంటి ముందుండే చిన్న బొడిపెను చాలామంది పట్టించుకోరు, లేదా ఇష్టం వచ్చినట్టు అరగదీస్తారు. పంటి కంటే అది సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. అంతకంటే తగ్గిస్తే చైన్ చెక్కను కొరికి పట్టుకుంటుంది, మెషిన్ ఎదురు తన్నడం పెరుగుతుంది. గేజ్ చాలా చవక. అది లేకుండా ఆ బొడిపెను ముట్టుకోవద్దు.

మన రోడ్ల పక్క వేపల్లో, రావుల్లో ఇంకో సమస్య ఉంది. ఫ్లెక్సీలకు, బోర్డులకు కొట్టిన మేకులు ఏళ్లు గడిచేకొద్దీ మానులోకి పూడిపోతాయి, బయటికి కనబడవు. ఒకసారి వేప కోస్తుంటే టంగుమని నిప్పురవ్వలు లేచాయి, ఒక వైపు పళ్లన్నీ గుండ్రంగా అయిపోయాయి. కుర్రాడు "అన్నా, ఈ చైన్ పారేద్దామా?" అన్నాడు. గంటన్నర కూర్చుని రాకితే మళ్లీ కోసింది. చెట్లకు మేకులు కొట్టేవాళ్లు ఇది చదివితే, దయచేసి మానేయండి.

అపోహ: పెట్రోలులో ఏ ఇంజిన్ ఆయిల్ కలిపినా ఒకటే. చైన్‌కు పాత ఆయిల్ చాలు.

బైకులో పోసే ఆయిల్ పనికిరాదు. టూ-స్ట్రోక్ ఆయిలే కలపాలి. కంపెనీ 50:1 అని చెబితే లీటరుకు 20 మిల్లీలీటర్లు, కొలిచి పోయాలి, కంటి అంచనాతో కాదు. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీలుస్తుంది. నెల రోజులు పని లేదనుకుంటే ట్యాంకు ఖాళీ చేసి, మెషిన్ ఆగిపోయేదాకా తిప్పి పక్కన పెట్టండి. గ్యారేజీలో తీసేసిన నల్ల ఆయిల్‌లో ఇనుప పొడి ఉంటుంది. బార్‌ను తినేస్తుంది, మన చర్మానికీ మంచిది కాదు.

అపోహ: పైన పిడి ఉండే చిన్న మెషిన్ ఒంటి చేత్తో కోయడానికే.

కాదు. చెట్టు మీద ఇరుకులో కూడా రెండు చేతులూ అందాలని పిడిని పైకి మార్చారు. బార్ ముక్కు పైభాగం దేనికైనా తగిలితే మెషిన్ కన్ను మూసి తెరిచేలోగా మొహం వైపు లేస్తుంది. రెండో చేయి ముందు పిడి మీద లేకపోతే ఆపేది ఏదీ ఉండదు. నేల మీద పనికి ఈ మెషిన్ వాడనే వద్దు.

అపోహ: తాడు లావుగా ఉంటే చాలు.

హార్డ్‌వేర్ షాపులో దొరికే నీలం, పసుపు ప్లాస్టిక్ తాడు పాలీప్రొపిలీన్. పశువును కట్టడానికి బాగుంటుంది. ఎండలో నెలల తరబడి ఉంటే పైపోగు పొడిలా రాలుతుంది. సుమారు 160 డిగ్రీలకే కరుగుతుంది. బరువు దించేటప్పుడు తాడు కొమ్మ మీద రాసుకుని ఎంత వేడెక్కుతుందో చేత్తో పట్టుకున్నవాళ్లకు తెలుసు. నైలాన్, పాలిస్టర్ అంతకంటే చాలా వేడికి తట్టుకుంటాయి. మనిషి ఎక్కే తాడుగా మేం వాడేది 11 నుంచి 13 మిల్లీమీటర్ల అల్లిక తాడు. దాని మీద స్టాండర్డ్ నంబరు, తట్టుకునే బరువు రాసిన పట్టీ ఉండాలి. పట్టీ లేని తాడు ఎంత అందంగా ఉన్నా మనిషికి కాదు.

మనిషి తాడు వేరు, కొమ్మలు దించే తాడు వేరు. మా దగ్గర రెండూ వేరే రంగులు. ఒకసారి కొమ్మ దించిన తాడు మళ్లీ మనిషి నడుముకు రాదు.

తాడు ఎంత బరువు ఆపగలదన్న లెక్క నాకు ఒక గోడ నేర్పింది. ఒక ఇంటి పెరట్లో తురాయి కొమ్మను తాడుతో దించుతున్నాం. కొమ్మ వంద కిలోలు కూడా లేదు, తాడు అంతకు ఎన్నో రెట్లు మోస్తుందని షాపులో చెప్పారు. కానీ కట్టు కింద మీటరు వదులు ఉంది. కొమ్మ ఆ మీటరు జారి ఒక్కసారిగా ఆగబోయింది, తాడు పుటుక్కున తెగింది, ప్రహరీ గోడ కూలింది. గోడ అవతల ఒక నిమిషం ముందు దాకా పిల్లలు ఆడుకుంటున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జారిపడుతూ ఆగిన బరువు తాడు మీద తన బరువుకు ఎన్నో రెట్ల లాగుడు వేస్తుంది. ముడి వేసిన చోట తాడు బలం మూడో వంతు దాకా, ఒక్కోసారి సగం దాకా తగ్గుతుంది. పైన కప్పీ కట్టిన కొమ్మ మీదైతే బరువు దాదాపు రెట్టింపు పడుతుంది, ఎందుకంటే కింద పట్టుకున్నవాళ్ల లాగుడు కూడా దాని మీదే ఉంటుంది. అందుకే ఇప్పుడు ముక్కలు చిన్నవి చేస్తాం, తాడు బిగువుగా పెడతాం.

ప్రతి ఉదయం తాడును మొదటి నుంచి చివరిదాకా అరచేతుల్లోంచి పోనిస్తాం. ఎక్కడైనా మెత్తబడినా, చదునైనా, గట్టిపడి మెరుస్తున్నా అక్కడ కోసేస్తాం. కడగాలంటే మంచినీళ్లు చాలు. నీడలో ఆరబెట్టాలి.

అపోహ: నడుముకు బెల్ట్ ఉంది కదా, పడిపోం.

నడుము పట్టీ ఒక్కటే ఉంటే, పడ్డప్పుడు దెబ్బ అంతా పక్కటెముకల కింద పడుతుంది. తలకిందులైతే మనిషి అందులోంచి జారిపోవచ్చు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుల మోకు తరతరాల నేర్పు, దాన్ని నేను తక్కువ చేయను. అయినా అంత నేర్పున్నవాళ్లే పడి చనిపోతున్నారని, 2024లో తెలంగాణలో కాటమయ్య పేరుతో వాళ్లకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు.

బిల్డింగ్ పనికి వాడే, వీపు మీద రింగు ఉండే బెల్ట్ కొని సరిపెట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఐఎస్ 3521 (మన దేశంలో బెల్టులకు పెట్టిన ప్రమాణం) గుర్తున్నది అయితే పడితే ఆపుతుంది. కానీ అందులో కూర్చుని పని చేయలేం. కదలకుండా వేలాడితే తొడల పట్టీలు రక్తాన్ని కాళ్లలోనే ఆపేస్తాయి, కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పొచ్చు. చెట్ల పనికి తొడల కింద వెడల్పు పట్టీలు, నడుముకు రెండు పక్కలా, ముందు రింగులు ఉండే హార్నెస్ కావాలి. మెషిన్ స్టార్ట్ చేసే ముందు రెండు చోట్ల కట్టుకుని ఉండాలి. ఒకటి పై తాడు, రెండోది మాను చుట్టూ లోపల ఇనుప తీగ ఉన్న తాడు. చైన్‌సా ఇనుప తీగను కూడా కోయగలదు, కాబట్టి అది ధైర్యానికి కాదు, ఒక క్షణం అదనంగా దొరకడానికి.

కింద ఎక్కడం వచ్చిన రెండో మనిషి, రెండో తాడు లేకుండా మేం ఎవరినీ పైకి పంపం.

అపోహ: జీన్స్ ప్యాంటు, షూ చాలు.

చైన్ సెకనుకు 20 మీటర్లకు పైగా తిరుగుతుంది. జీన్స్ దానికి కాగితం. చైన్‌సా ప్యాంటు లోపల పొడవాటి దారాల పొరలు ఉంటాయి. చైన్ తగలగానే అవి బయటికొచ్చి చైన్‌ను తిప్పే పళ్లచక్రంలో చుట్టుకుని ఆపేస్తాయి. క్లాస్ 1 అంటే సెకనుకు 20 మీటర్ల వేగంతో పరీక్షించినది. మన ఎండలకు పూర్తి ప్యాంటు ఓర్చుకోలేకపోతే ముందు వైపు మాత్రమే కప్పేది కట్టుకోవచ్చు. బ్యాటరీ మెషిన్లను ఇది అంత నమ్మకంగా ఆపలేదు. హెల్మెట్‌కు గడ్డం పట్టీ ఉండాలి, చెవులకు మఫ్‌లు ఉండాలి. లుంగీ, వేలాడే తువ్వాలు చెట్టు దగ్గరికే రాకూడదు.

అపోహ: ముళ్ల బూట్లతో ఏ చెట్టయినా ఎక్కొచ్చు.

కొట్టేసే చెట్టుకు సరే. ఉంచే చెట్టుకు ప్రతి అడుగూ ఒక గాయం. కొబ్బరి విషయంలో ఇంకా జాగ్రత్త. 2018లో తిత్లీ తుపాను తర్వాత శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పని చేసినప్పుడు మానుకు మెట్లు చెక్కిన చెట్లు చూశాను. కొబ్బరి మానుకు గాయం పూడదు, జీవితాంతం అలాగే ఉంటుంది. ఎర్రముక్కు పురుగు అలాంటి గాయాల్లోనే గుడ్లు పెడుతుంది. కొబ్బరికి ఎక్కే మెషిన్ వాడండి, అది మానును పట్టుకుంటుంది, గుచ్చదు.

అపోహ: ఎండిన వెదురు గెడకు కరెంటు రాదు.

మంచు పట్టిన గెడకు, చెమట పట్టిన చేతికి వస్తుంది. పచ్చి కొమ్మకైతే చెప్పనే అక్కర్లేదు. 11 కేవీ (11 వేల వోల్టుల) లైన్‌కు తగలకపోయినా, దగ్గరికి పోతేనే దూకుతుంది. అల్యూమినియం నిచ్చెన లైన్ కింద వేయనే వద్దు. కొమ్మ వైర్లకు దగ్గరగా ఉంటే కరెంటు ఆఫీసులో అడిగి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైన్‌లో కరెంటు ఆపి ఇచ్చే అనుమతి) తీసుకోవాల్సిందే. ఒక గంట ఆలస్యమవుతుంది, ఇంటివాళ్లు విసుక్కుంటారు, పోనివ్వండి. లైన్‌మన్ ఫోన్‌లో "ఎల్‌సీ వచ్చింది, ఎక్కండి" అన్నా మేం ఎక్కం. ఆయన వచ్చి మా కళ్ల ముందు వైర్లకు ఎర్త్ తగిలించాకే మావాళ్లు తాడు విసురుతారు.