మెషీన్ చెడిందా, నీళ్లు చెరిచాయా?

కడప, బేతంచెర్ల బండలు సున్నపురాయి. అలాంటి రాతిలో ఊరిన బోరు నీళ్లలో కాల్షియం బాగా కరిగి ఉంటుంది. తాగునీటికి ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం కాఠిన్యం (నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు) లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 600 వరకు ఒప్పుకుంటారు. ఈ కాల్షియమే పెళ్లలు కట్టి మెషీన్లో అడ్డుపడుతుంది. అందుకే మన వైపు వాషింగ్ మెషీన్ మొరాయిస్తే మెకానిక్‌ను పిలిచే ముందు నీళ్ల దారి చూడాలి.

నీళ్లు సన్నగా ఎక్కుతున్నాయా? కొళాయి కట్టి, ప్లగ్గు పీకి, మెషీన్ వెనక పైపు మరలు విప్పండి. లోపల చిన్న ప్లాస్టిక్ జల్లెడ ఉంటుంది. సన్నమూతి ప్లయర్‌తో మెల్లగా లాగితే ఇసుక, తెల్లటి పెళ్లలు కనిపిస్తాయి. వెనిగర్‌లో కాసేపు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోమితే చాలు. జల్లెడ శుభ్రంగా ఉన్నా ఎక్కకపోతే చాలాసార్లు ఒత్తిడి తక్కువన్నమాట. పది మీటర్ల ఎత్తు నీటికి దాదాపు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. చాలా మెషీన్లకు కనీసం 0.3 బార్ కావాలి, అంటే ట్యాంకు మూడు మీటర్లు పైన ఉండాలి. మెషీన్‌ను మిద్దె మీదే, ట్యాంకు పక్కనే పెట్టుకున్న ఇళ్లలో వాల్వు ఎన్నిసార్లు మార్చినా డబ్బు దండగే. కిందికి దించాలి, లేదా ప్రెషర్ పంపు పెట్టించాలి.

హీటరు ఉన్న మెషీన్లలో అసలు తంటా వేడి దగ్గర. నీళ్లు కాగితే అందులోని కాల్షియం బైకార్బొనేట్ విరిగి కాల్షియం కార్బొనేట్‌గా హీటరు మీద గట్టిపడుతుంది. ఆ పొర వేడిని నీళ్లకు పోనివ్వదు. లోపలి తీగ అతిగా కాగి కాలిపోతుంది. హీటరు తొడుగు చిట్లితే కరెంటు నీళ్లలోకి లీకై ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) పడిపోతుంది. రెండు నెలలకోసారి ఖాళీ డ్రమ్ములో 100 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి 60 డిగ్రీల మీద తిప్పండి. దానితో బ్లీచింగ్ మాత్రం కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది. ఇంకో సంగతి: ఆ నీళ్లు బాత్రూంలో పరిచిన కడప బండల మీద పారితే బండ కూడా కరిగి నునుపు పోతుంది. హీటరు మీది పొర, కాలి కింది బండ రసాయనపరంగా దాదాపు ఒకటే కదా! వెంటనే మంచినీళ్లతో కడిగేయాలి.

ముందు తలుపున్న మెషీన్లో నీళ్లు బయటికి పోకపోతే ముందు భాగంలో కింద ఉండే ఫిల్టరు మూత చూడాలి. అడుగున పళ్లెం పెట్టి కొద్దికొద్దిగా తిప్పితే చిల్లర, పిన్నులు బయటపడతాయి. పంపుతో నీళ్లు తోడే మెషీన్లకు డ్రెయిన్ పైపు కొస నేల నుంచి 60–100 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. నేల మీద పడేస్తే నీళ్లు ఎక్కుతూనే జారిపోతుంటాయి. పంపు లేని సెమీ ఆటోమేటిక్‌కు ఇది తలకిందులు: పైపు కిందికే వాలాలి.

సెమీ ఆటోమేటిక్ మోటారు మూలుగుతూ తిరగకపోతే చాలాసార్లు కెపాసిటరే కారణం. ప్లగ్గు తీసినా అందులో కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి అది తెలిసినవాళ్లకే వదిలేయాలి.

బాడీ ముట్టుకుంటే జిల్లుమంటోందా? ప్లగ్గు పీకి, ఎర్తింగు చూపించండి. ఎండాకాలంలో ఎర్తు గుంతలో మన్ను ఎండిపోయి కరెంటు సరిగా దిగదు. ఏప్రిల్, మే నెలల్లో గుంతలో రోజూ ఒక బిందె నీళ్లు పోయాలి. అయినా తగ్గకపోతే ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా మెషీన్ వేయొద్దు.