రజా బిందువు ఎప్పుడు పుట్టింది? తిరుపతి కాన్వాసు గొడవకు నేపథ్యం

తిరుపతిలో అమ్మకానికి తిరుగుతున్న ఒక ‘బిందు’ కాన్వాసు చిత్రకారుడు రజా వేసిన అసలుదా, నకిలీదా అన్న గొడవ మళ్లీ రాజుకుంది. చతురస్రం మధ్యలో నల్లటి వృత్తం, మూలన రజా సంతకం, పక్కనే 1968 అని తేదీ. ఆయిల్ పెయింటింగ్, తాతల నాటి నుంచి ఇంట్లో ఉంది, సంతకం ఉన్నాక ఇంకేం కావాలి అంటున్నారు అమ్మేవాళ్లు.

సంతకం చాలదు. సయ్యద్ హైదర్ రజా 1950లో ప్యారిస్ వెళ్లడం, 1956లో అక్కడి విమర్శకుల బహుమతి గెలవడం అందరూ ఎరిగినవే. 1968 నాటికి ఆయన వేస్తున్నవి మాత్రం ప్రకృతి దృశ్యాలు: ఫ్రాన్స్ పల్లెలు, చిన్నప్పటి మధ్యప్రదేశ్ అడవి రాత్రులు, ఒకదానిలోకి ఒకటి ఒలికిపోయే రంగులు. కొలిచి గీసిన వృత్తాలు అప్పుడు ఆయన బాణీ కాదు.

మలుపు 1970లలో వచ్చింది. తన బొమ్మల్లో ఇండియా ఎక్కడుందన్న ప్రశ్న ఆయన్ను పట్టుకుంది. అజంతా, ఎల్లోరా, గుజరాత్, రాజస్థాన్ తిరిగారు. చిన్నప్పుడు బడిలో చూపు నిలవని రజా కోసం పంతులు గోడ మీద పెట్టిన చుక్క, అంటే బిందువు, 1980 ప్రాంతంలో కాన్వాసు నడిబొడ్డుకు చేరింది. 1983లో వేసిన ‘సౌరాష్ట్ర’ చిత్రం రెండు మీటర్ల చతురస్రం. 2010 వేలంలో దాని ధర 16 కోట్ల రూపాయలు దాటింది.

అప్పటికి ఆయన ఆయిల్‌ను దాదాపు వదిలి, నీటితో కలిపే ఆక్రిలిక్ రంగులకు మారారు. పనితనం రహస్యం ఇక్కడే ఉంది. ఆయిల్ ఆరడానికి రోజులు పడుతుంది. తొందరపడి పక్క పట్టీ వేస్తే అంచు చెదురుతుంది. ఆక్రిలిక్ పలుచటి పూత గంటలోపే ఆరుతుంది, వలయం మీద వలయం తేటగా నిలుస్తుంది. ఆ నలుపూ ఒకే పూత కాదు, దగ్గరగా చూస్తే నలుపులో నలుపు వలయాలు.

కాళహస్తి కలంకారీ కొనేవాళ్లు గుడ్డ తిరగేసి చూస్తారు. చేత్తో వేసిన రంగు వెనక్కి దిగుతుంది, అచ్చు పైపైనే ఆగుతుంది. ఇక్కడా తిరగేయాల్సిందే. రజా కాన్వాసు వెనక పేరు, సంవత్సరం, సెంటీమీటర్లలో కొలత, శీర్షిక, తరచూ ఫ్రెంచిలో మాధ్యమం, స్వయంగా రాసేవారు. ముందు వైపు పదింతల భూతద్దం పెట్టాలి. సన్నటి సిరా చుక్కలు కనిపిస్తే అది ప్రింటు. నకిలీ చేసేవాళ్లు ప్రింటు పైన పారదర్శక జెల్ పూసి కుంచె గీతలు తెప్పిస్తారు, ఆ గీతలు వలయం అంచును పట్టించుకోకుండా అడ్డంగా పోతాయి. సంతకం, సంఖ్య ఉన్న సెరిగ్రాఫులు (సిల్క్ స్క్రీన్ ప్రింట్లు) నకిలీలు కావు, కానీ వాటిని కాన్వాసు ధరకు అంటగట్టేవాళ్లున్నారు.

2009 జనవరిలో ఢిల్లీలో తన ప్రదర్శనకు వెళ్లిన రజాయే, గోడల మీదున్నవాటిలో చాలావరకు తనవి కావన్నారు. అప్పటికి ఆయనకు 86 ఏళ్లు. 2016లో కన్నుమూశారు, ఇప్పుడు చెప్పడానికి ఆయన లేరు. 1958 నుంచి 1989 వరకు ఆయన చిత్రాలను నమోదు చేసిన రెండు సంపుటాలున్నాయి. అందులో పేజీ చూపించమని అడగడం కొనేవాళ్ల హక్కు.

తిరుపతి కాన్వాసు ఫ్రేము వెనక గోధుమరంగు కాగితం అతికించి ఉంది. దాన్ని విప్పడానికి అమ్మేవాళ్లు ఇంకా ఒప్పుకోలేదు.