పొగగొట్టం లేనిచోట పొగ

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

"ఫ్యాక్టరీలంటే పొగ వదులుతాయి, సరే. బ్యాంకు, హోటలు, ఆస్పత్రి, సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఏం చేస్తాయి తాతయ్యా? అక్కడ పొగగొట్టమే ఉండదుగా!" అని అడిగారు. ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకునే సంగతి కాదిది. నా ఉద్యోగమంతా పెద్ద భవనాల్లో ఏసీ ప్లాంట్లు, పంపులు, జనరేటర్లు చూసుకోవడంతోనే గడిచింది కాబట్టి కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

పొగగొట్టం ఉంది, బొగ్గు మండించి కరెంటు తీసే కేంద్రాల్లో. రామగుండంలో ఉంది, పాల్వంచలో ఉంది, విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఉంది. హైటెక్ సిటీలో మీరు లిఫ్టు బటన్ నొక్కితే మండేది అక్కడి బొగ్గు. మన దేశంలో గ్రిడ్డు నుంచి ఒక యూనిట్ కరెంటు తీసుకుంటే, దాని వెనక సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, అంటే భూమిని వేడెక్కించే వాయువు, గాల్లో కలుస్తుంది. సోలారు, గాలిమరలు, శ్రీశైలం లాంటి జల విద్యుత్ కేంద్రాలు అన్నీ కలుపుకుని వచ్చే లెక్క అది. ఒక బట్టల షాపులో ఏసీలు రోజుకు 100 యూనిట్లు లాగాయనుకోండి. ఆ షాపు వాటా 70 కిలోలు. యజమానికి మసి అంటదు, వాసన రాదు. నెలాఖరుకు బిల్లు వస్తుంది, అంతే.

కరెంటుతోనే అయిపోదు. జనరేటరులో లీటరు డీజిల్ మండితే దాదాపు 2.7 కిలోలు. హోటలు వంటింట్లో 19 కిలోల గ్యాస్ సిలిండర్ ఖాళీ అయ్యేసరికి 57 కిలోల దాకా. పందొమ్మిది కిలోల్లోంచి యాభై ఏడు ఎలా వచ్చాయని అనుమానం వస్తుంది మీకు, రావాలి కూడా. గ్యాసులోని కార్బన్ మండేటప్పుడు గాల్లోని ఆక్సిజన్‌ని కలుపుకుంటుంది. ఆ బరువూ లెక్కలోకి వస్తుంది.

ఇంకొకటుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. మెకానిక్ వచ్చి "ఏసీలో గ్యాస్ తగ్గింది సార్, నింపాలి" అంటాడు. తగ్గినది ఎక్కడికి పోయింది? అది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లోనే తిరుగుతూ ఉండాల్సిన గ్యాసు. తగ్గిందంటే లీకయి గాల్లోకి పోయిందన్నమాట. ఆర్-410ఏ రకం గ్యాసు ఒక్క కిలో బయటికి పోతే, భూమిని వేడెక్కించడంలో అది దాదాపు 2,000 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఆర్-32 అనే మరో రకం అయితే అందులో మూడో వంతు. లీకు ఎక్కడుందో వెతకకుండా గ్యాస్ మాత్రం నింపించుకునే భవనాలు ఎన్నో చూశాను. ప్రతిసారీ బాధేసేది.

ఇక, తగ్గించడం సాధ్యమేనా? సాధ్యమే. అందుకు మన హైదరాబాదులోనే చక్కని రుజువుంది.

పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్ ఉంది కదా, అక్కడ 2011లో ఒక ఆఫీసు భవనం వాడకంలోకి వచ్చింది. దాన్ని నిలువునా రెండు సమాన భాగాలుగా కట్టారు. అవే గోడలు, అవే కిటికీలు, ఒకే రకం పని చేసే ఉద్యోగులు. ఒక సగానికి చల్లగాలి ఊదే మామూలు సెంట్రల్ ఏసీ పెట్టారు. అదీ నాసిరకం కాదు, బాగా పొదుపుగా నడిచేలా తీర్చిదిద్దినదే. రెండో సగంలో కాంక్రీటు స్లాబు లోపలే సన్నటి గొట్టాలు పరిచి, వాటిలో చల్లటి నీళ్ళు తిప్పారు. పైకప్పే చల్లబడుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం పాత గుడి మండపంలో రాతి స్తంభం పక్కన కూర్చుంటే గాలి ఆడకపోయినా ఒంటికి హాయిగా ఉంటుంది చూడండి, అలా. మన ఒంటి వేడిని ఆ చల్లని రాయి లాగేసుకుంటుంది.

ఇందులో ఆదా ఎక్కడుందంటే, ఒకే పరిమాణం గాలికంటే నీరు మూడు వేల రెట్లకు పైగా వేడిని మోస్తుంది. కాబట్టి పెద్ద పెద్ద ఫ్యాన్లతో చల్లగాలిని భవనమంతా తోయాల్సిన పని చిన్న పంపుతో అయిపోతుంది. పైగా మామూలు ఏసీ ప్లాంటులో గాలిని చల్లార్చే నీళ్ళను 7 డిగ్రీల దాకా చల్లబరచాలి, స్లాబుకి అంత చల్లన అక్కర్లేదు. ఒక చిక్కు మాత్రం ఉంది. గాల్లో తేమ ఎక్కువైతే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టు పైకప్పుకు చెమ్మ పడుతుంది. అందుకని ఊపిరికి కావలసిన బయటి గాలిని ముందే తేమ తీసేసి లోపలికి పంపుతారు.

రెండేళ్ళు రెండు వైపులా మీటర్లు చూశారు. స్లాబు చల్లబరిచిన వైపు కరెంటు సుమారు మూడో వంతు తక్కువ పట్టింది. కట్టడానికి ఎక్కువ ఖర్చయిందేమో అనుకుంటారు, దాదాపు సమానమే. నాకు ఈ భవనమంటే అంత గౌరవం ఎందుకంటే, "మాది పర్యావరణహిత భవనం" అని బోర్డు పెట్టుకుని సరిపెట్టుకోలేదు. పక్కపక్కన పెట్టి కొలిచి, ఆ అంకెలు అందరి ముందూ పెట్టారు.

ఇన్ఫోసిస్ 2020లో కార్బన్ న్యూట్రల్ అయింది, అంటే తాను వదిలేదానికి సరిపడా తగ్గింపు మరోచోట చేయించి లెక్క సరిచేసింది. ముందు వాడకం తగ్గించుకున్నారు, తర్వాత సోలారు పెట్టుకున్నారు, ఇంకా మిగిలినదానికి పల్లెల్లో బయోగ్యాస్, పొగ తక్కువ పొయ్యిల పథకాలకు డబ్బిచ్చారు. ఈ వరస ముఖ్యం. వాడకం జోలికి పోకుండా నాలుగు మొక్కలు నాటి ఫొటో దిగడం నాకు ఒప్పుదల కాదు.

పాత భవనాల సంగతేమిటంటారా? స్లాబు పగలగొట్టలేం కానీ, ఫ్యాన్లూ పంపుల వేగం తగ్గించగలం. ఫ్యాను వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే కరెంటు ఇరవై శాతం కాదు, దాదాపు సగం తగ్గుతుంది. గాలిని తోసే పనికి పట్టే శక్తి వేగం ఘనంతో మారుతుంది. 0.8ని మూడుసార్లు గుణించి చూడండి, 0.512 వస్తుంది. మీ ఎనిమిదో తరగతి లెక్కే. దీనికి మోటారు ముందు దాని వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చే వీ.ఎఫ్.డీ. అనే పెట్టె బిగిస్తారు. నేను పనిచేసిన కాలంలో అంత త్వరగా పెట్టుబడి తిరిగొచ్చిన పరికరం ఇంకోటి చూడలేదు.

డిగ్రీల సంగతి కూడా. ఏసీలో ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్రం నడిపే బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. 2020 జనవరి 1 నుంచి స్టార్ రేటింగ్ ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలనీ నిబంధన వచ్చింది. అయినా మే నెలలో స్వెటర్లు వేసుకుని కూర్చునే ఆఫీసులున్నాయి. అక్కడ కరెంటూ పోతోంది, మనుషులకు సుఖమూ లేదు.

అలాగని అన్నిచోట్లా తగ్గించమనను. ఆపరేషన్ థియేటరులో గాలి గంటకు ఇరవైసార్లకు తక్కువ కాకుండా మారాలి. రోగి ప్రాణం ముందు యూనిట్ల లెక్కేమిటి? కానీ రాత్రి ఆపరేషన్లు లేని థియేటరులోనూ అదే జోరున ఎందుకు నడపాలో అడగవచ్చు. ఎమర్జెన్సీకి ఒకటి సిద్ధంగా ఉంచి, మిగతావాటి వేగం తగ్గించవచ్చు. పొదుపంటే ఉక్కపోతలో కూర్చోవడం కాదు. అక్కర్లేని చోట, అక్కర్లేని వేళ నడుస్తున్నదాన్ని పట్టుకోవడం.

మీరు పెద్దయ్యేసరికి ఇది ఇంకా పెద్ద వ్యవహారమవుతుంది. విశాఖలో ఒక గిగావాట్ (పది లక్షల కిలోవాట్లు) స్థాయి డేటా సెంటర్, అంటే వేల కంప్యూటర్లు రాత్రింబవళ్ళు నడిచే భవనాలు, కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. ఒక గిగావాట్ రోజంతా వాడితే 2.4 కోట్ల యూనిట్లు. డేటా సెంటర్ మొత్తం వాడే కరెంటు, అందులో కంప్యూటర్లు వాడేదానికి ఎన్ని రెట్లో చెప్పే పీ.యూ.ఈ. అని ఒక కొలత ఉంది. అది 1.5 అయితే, కంప్యూటర్లు వాడే ప్రతి యూనిట్‌కీ ఇంకో అర యూనిట్ చల్లబరచడానికీ తదితరాలకూ పోతున్నట్టు. 1.1కి తెస్తే ఆ అర యూనిట్ కాస్తా యూనిట్‌లో పదో వంతవుతుంది. ఉత్తరాంధ్ర ఉక్కలో అది తేలిక పని కాదు, మంచి ఇంజనీర్లు కావాలి.

మీ స్కూలు కరెంటు బిల్లు జిరాక్స్ ఒకటి ఆఫీసులో అడిగి పంపండి. వేసవి సెలవుల నెలదీ, బడి నడిచిన నెలదీ రెండూ కావాలి. పిల్లలెవరూ లేని నెలలో ఎన్ని యూనిట్లు తిరిగాయో ముందు మీరే చూసి, అవి ఎక్కడికి పోయి ఉంటాయో ఊహించి రాయండి. మిగతాది నేను చూస్తాను.

ఇట్లు,
తాతయ్య