ఎనభై దాటాక నత్తనడక ఎందుకు?

కాశీబుగ్గ,
ఆదివారం

చిన్నోడికీ, బుజ్జమ్మకీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చిన్నోడు అడిగాడు కదా, ఫోన్ చార్జింగు ఎనభై శాతం దాకా గబగబా ఎక్కేసి ఆ పైన ఎందుకు నత్తనడక నడుస్తుందని. తర్వాత చెప్తానని తప్పించుకున్నాను. ఇన్నేళ్లు రేడియోలూ టీవీలూ విప్పిన వాణ్ణి, ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

బ్యాటరీలో కరెంటు కుండలో నీళ్లలా నిలవ ఉండదు. లోపల రెండు రేకులుంటాయి. అల్యూమినియం రేకు మీద లిథియం, కోబాల్టు లాంటివి కలిసిన పూత. రాగి రేకు మీద గ్రాఫైటు పూత, అంటే మీ పెన్సిల్ ములుకులో ఉండే సరుకే. రెండూ తగలకుండా మధ్యలో సన్నటి ప్లాస్టిక్ పొర. గ్రాఫైటు తాటాకుల కట్టలా పొరలు పొరలుగా ఉంటుంది. చార్జింగు పెట్టినప్పుడు లిథియం అయాన్లు, అంటే విద్యుత్ ఆవేశమున్న లిథియం పరమాణువులు, వచ్చి ఆ పొరల సందుల్లో దూరతాయి, ఫోన్ వాడుతుంటే వెనక్కి పోతాయి. ఎలక్ట్రాన్లకు మాత్రం ఆ అడ్డదారి లేదు. బయట తీగల్లోంచి చుట్టూ తిరిగి రావాలి. ఫోన్‌ను నడిపేది ఆ తిరుగుడే.

ఇప్పుడు మన బస్టాండులో మందస బస్సు తలుచుకోండి. ఖాళీ బస్సైతే అందరూ ఒక్కసారి ఎక్కి కూర్చుంటారు. నిండే కొద్దీ "కొంచెం జరగండి బాబూ" అంటూ ఒక్కొక్కరే సర్దుకోవాలి. అప్పుడూ తోసేస్తే? గ్రాఫైటులో చోటు దొరకని లిథియం పైనే లోహంలా పేరుకుంటుంది. బ్యాటరీ ఆయుష్షు తగ్గేది, ప్రమాదం మొదలయ్యేది అక్కడే.

అందుకే ఫోన్ లోపల ఒక చిప్పు కండక్టరులా నిలబడి ఉంటుంది. బ్యాటరీ 4.2 వోల్టులకు చేరేదాకా (కొత్త ఫోన్లలో 4.4 దాకా కూడా) కరెంటును ఒకే జోరుతో పంపిస్తుంది. ఆ తర్వాత వోల్టులు పెరగనివ్వదు. కరెంటు దానంతటదే తగ్గుతూ పోయి, మొదట్లో ఉన్నదానిలో పదో వంతుకో ఇంకా తక్కువకో వచ్చాక ఆపేస్తుంది. నువ్వు చూసిన నత్తనడక ఇదే.

మనం చార్జరు అని పిలిచేది నిజానికి చార్జరు కాదు, అసలు చార్జరు ఫోన్ లోపలి ఆ చిప్పే. గోడలోని 230 వోల్టులను మామూలుగా 5 వోల్టులు చేసి ఇవ్వడమే దాని పని. ఫాస్ట్ చార్జింగులో ఫోనే "నాకు 9 కావాలి" అని అడిగితేనే అది పెంచుతుంది. పెద్ద చార్జరు పెడితే ఫోన్ పేలుతుందని మీ నాయనమ్మ భయం. మంచి సరుకైతే పేలదు, ఫోన్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. నాసిరకం చార్జరు విషయంలో మాత్రం ఆవిడ మాటే వినండి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరిచెట్లతో పాటు కరెంటు స్తంభాలూ కూలాయి. రోజుల తరబడి చీకటే. మా వీధి కుర్రాడొకడు కీప్యాడ్ ఫోన్ బ్యాటరీ ఊడదీసి, ట్రాక్టరు బ్యాటరీ తీగలు నేరుగా తగిలించాడు. అది 12 వోల్టులు, మధ్యలో కండక్టరు లేడు. "ఏటీ అవదు తాతా" అన్నాడు. నేను ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది, వెంటనే లాగేశాను. మర్నాటికి అది పూరీలా పొంగింది. 12ను 5 చేసే కారు చార్జరు దొరికాక ఆ ట్రాక్టరు మీదే వీధంతా ఫోన్లు చార్జింగు పెట్టుకున్నాం, అది వేరే సంగతి.

పొంగడమంటే లోపల రేకుల మధ్య ఉండే ద్రావకం చెడి గ్యాసు పుట్టడం. మామూలుగా అలా జరగకుండా బ్యాటరీ అంచునే ఇంకో చిన్న సర్క్యూట్ కాపలా ఉంటుంది. వోల్టులు మరీ పెరిగినా, మరీ పడిపోయినా, తీగలు కలిసిపోయినా దారి తెంచేస్తుంది. కానీ దాని ఓపికకూ హద్దుంది.

ఈ లిథియం బ్యాటరీని 1991లో సోనీ బజారులోకి తెచ్చింది. దాని వెనక ఉన్న శాస్త్రవేత్తలు గుడ్ఇనఫ్, విట్టింగ్‌హామ్, యోషినోలకు 2019లో నోబెల్ వచ్చింది. అప్పటికి గుడ్ఇనఫ్ వయసు 97. నా కంటే చాలా పెద్దాయన, బుజ్జమ్మా!

బ్యాటరీకి అసలు శత్రువు వేడి. మే నెలలో చార్జింగు పెట్టి, ఫోన్ దిండు కింద దాచి, మళ్ళీ అందులోనే ఆటలాడితే దానికి ఊపిరాడదు.

మీ అమ్మ పాత ఫోన్ వెనక మూత లేచిందని విన్నాను. చార్జింగు పెట్టొద్దు, గుచ్చొద్దు, నొక్కి సరిచేయొద్దు, చెత్తబుట్టలోనూ వేయొద్దు. ఆపేసి దుప్పట్లకూ కాగితాలకూ దూరంగా పెట్టి, ఇవాళే నాన్నకిచ్చి సర్వీస్ సెంటరుకు పంపండి.

ఇట్లు,
తాతయ్య