నేపుల్స్: అపోహలు - వాస్తవాలు

ఇటలీ టూర్లు ప్లాన్ చేయడం నా పని. హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి, అమెరికా నుంచి వచ్చే మనవాళ్లు చాలామంది అడిగేది ఒకటే: "నేపుల్స్‌లో ఆగాలా అండీ? పాంపే చూసేసి రోమ్ వెళ్లిపోతాం." ఆగాలనే చెబుతాను, కనీసం రెండు రాత్రులు.

అపోహ: చూడాల్సింది పాంపే. నేపుల్స్ రైలు మారే ఊరు, అంతే.

వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాత రోమన్ ఊరు పాంపే. అక్కడ మీరు చూసేది వీధులు, గోడలు, ఇళ్లు. ఆ ఇళ్లలో దొరికిన గొప్ప వస్తువుల్లో ఎక్కువ భాగం ఉన్నది నేపుల్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలో. అలెగ్జాండర్‌కూ పర్షియా రాజు డారియస్‌కూ జరిగిన యుద్ధాన్ని చూపించే ప్రసిద్ధ మొజాయిక్‌నే, అంటే చిన్న రాతిముక్కలు పేర్చి చేసిన చిత్రాన్నే తీసుకోండి. పాంపేలో నేలమీద ఉన్నది నకలు, అసలుది మ్యూజియం సొత్తు. ఒకటి చూసి రెండోది వదిలేస్తే కథ సగంలో ఆగిపోయినట్టే.

మనవాళ్లు తప్పక చూడాల్సింది ఇంకొకటి ఉంది. 1938లో పాంపే తవ్వకాల్లో ఒక ఇంట్లో చిన్న దంతపు బొమ్మ దొరికింది. ఒంటినిండా నగలతో నిలబడ్డ స్త్రీ, ఇరుపక్కలా ఇద్దరు చెలికత్తెలు. భారతదేశం నుంచి వెళ్లిన బొమ్మ అది. మొదట లక్ష్మీదేవి అన్నారు, యక్షిణి అయి ఉండవచ్చని తర్వాత చాలామంది పండితులు అభిప్రాయపడ్డారు. ఇలాంటి బొమ్మే మహారాష్ట్రలోని భోకర్దన్‌లో, శాతవాహనులు ఏలిన నేలమీద బయటపడింది. క్రీ.శ. 79లో వెసూవియస్ బద్దలయ్యేనాటికే మన దక్కన్ వైపు పనితనం ఆ ఊరికి చేరి ఉండవచ్చన్నమాట. ఆ అద్దాల పెట్టె ముందు కాసేపు నిలబడండి. ఒక్క విషయం, ఆ బొమ్మ ఉండేది ఈ మ్యూజియంలోనే 'రహస్య గది' అనే విభాగంలో. అక్కడ ఉన్నవి ఎక్కువగా శృంగార చిత్రాలు, శిల్పాలు. పిల్లలతో వెళ్లేవాళ్లు ముందే తెలుసుకోవడం మంచిది.

మ్యూజియానికి మంగళవారం సెలవు. జుసెప్పె సన్మార్తీనో 1753లో చెక్కిన 'ముసుగు క్రీస్తు' శిల్పం ఉన్న సాన్సెవెరో చాపెల్‌కీ మంగళవారమే సెలవు. పల్చటి గుడ్డ కప్పినట్టే కనిపిస్తుంది గానీ అదంతా ఒకే పాలరాయి. టికెట్లు ముందే ఆన్‌లైన్లో తీసుకోండి, లోపల ఫొటోలు తీయనివ్వరు. నేను ప్లాన్ వేసేటప్పుడు మంగళవారాన్ని పాంపేకే పెడతాను.

అపోహ: అక్కడ తిరగడం ప్రమాదం.

జేబుదొంగల భయం నిజమే. ముఖ్యంగా పాంపే వెళ్లే సర్కమ్‌వెసువియానా రైల్లో, సెంట్రల్ స్టేషన్ చుట్టుపక్కల. బ్యాగు ముందుకు వేసుకోండి, పాస్‌పోర్టు హోటల్ లాకర్లో పెట్టి జిరాక్స్ దగ్గర ఉంచుకోండి, బరువైన గొలుసులు ఇంట్లోనే వదిలి రండి. అంతేగానీ ఈ టెన్షన్‌తో పాతబస్తీ మానేయొద్దు. గ్రీకులు గీసిన వీధుల మీదే ఇప్పటికీ జనం బతుకుతున్న ఊరు అది. 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. స్పక్కానాపొలి అనే తిన్నని సన్నటి వీధిలో పొద్దున్నే నడవండి. దాని పక్క సందుల్లోంచే భూగర్భంలోకి దిగే టూర్లుంటాయి. గ్రీకులు రాయి తవ్వుకున్న గుంతలు, రోమన్లు నీళ్లు పారించిన సొరంగాలు, రెండో ప్రపంచయుద్ధంలో బాంబుల నుంచి జనం తలదాచుకున్న చోటు, అన్నీ అవే.

అపోహ: శాకాహారులకు తిండి దొరకదు.

పిజ్జా పుట్టిన ఊళ్లో ఆ బెంగ అక్కర్లేదు. మరినారా పిజ్జాలో టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె, అంతే. చీజ్ కూడా ఉండదు. వంకాయ ముక్కలు, టమాటా, చీజ్ పొరలుగా వేసి చేసే పార్మిజానా ఉంది. అయితే జాగ్రత్త పడాల్సింది మనవాళ్లు అస్సలు అనుమానించని చోట. పొరలు పొరలుగా ఉండే స్ఫోల్యతెల్లా అనే మిఠాయి పిండిలో, తరల్లి అనే మిరియాల కరకర చిరుతిండిలో సంప్రదాయంగా పంది కొవ్వు వేస్తారు. దాన్ని 'స్త్రుత్తో' అంటారు, ఆ మాట గుర్తుపెట్టుకుని అడగండి. పార్మిజానాలో సాధారణంగా వేసే పార్మెజాన్ చీజ్‌లో పాలు గడ్డకట్టడానికి దూడ కడుపు నుంచి తీసే రెనెట్ వాడతారు. క్రొక్కే అనే ఆలుగడ్డ వేపుడు చిరుతిండిలో మాంసం ముక్కలు కలుపుతారేమో కూడా అడగాలి. ఈ సంగతులు ముందే చెప్పని ప్యాకేజీలంటే నాకు కోపం, ఎందుకంటే నియమం పాటించే పెద్దవాళ్లకు అది చిన్న విషయం కాదు.

అపోహ: క్రూయిజ్‌లో వస్తే ఊరు చూసే టైముండదు.

ఓడ ఆగే టెర్మినల్ ఊరి నడిబొడ్డున, కాస్టెల్ నువోవో కోట ఎదురుగానే ఉంటుంది. బస్సెక్కకుండానే పాతబస్తీకి నడిచి వెళ్లిరావచ్చు. ఒక్క రోజులో పాంపే, కాప్రి దీవి రెండూ చూపిస్తామనే ప్యాకేజీ కంటే ఇదే మేలని నా అభిప్రాయం.

అపోహ: సముద్రం ఒడ్డున ఉంది కాబట్టి బీచ్ ఉంటుంది, దీవి అంటే కాప్రి ఒక్కటే.

ఊరి ఒడ్డున ఎక్కువగా రాళ్లే. నడకకు బాగుంటుంది, ఇసుకలో ఆడుకోవడానికి కాదు. పిల్లలతో వస్తే ప్రోచిదా దీవికి వెళ్లమంటాను. రంగురంగుల ఇళ్లు, చేపల పడవలు, కాప్రి కంటే తక్కువ ఖర్చు. మొలో బెవెరెల్లో నుంచి వేగంగా వెళ్లే బోట్లు, కలాతా పోర్తా ది మాస్సా నుంచి పెద్ద ఫెర్రీలు బయల్దేరతాయి. రెండూ ఒకే పోర్టులో ఉన్నా వేర్వేరు రేవులు కాబట్టి టికెట్ మీద ఏ రేవు రాసి ఉందో చూసుకునే బయల్దేరండి.