గేదె పడుకున్న పూటే పాలకు వెన్న

పాడి ఇంట సెలవంటూ ఉండదు. పండగైనా ఆదివారమైనా తెల్లవారుజామున ఒకసారి, పొద్దువాలాక ఒకసారి పిండాల్సిందే. ఆ రెండింటి మధ్య, పేడ ఎత్తడం, కడగడం అన్నీ అయిపోయి కొట్టంలో అలికిడి లేని మధ్యాహ్నం ఒకటి ఉంటుంది. గేదెలు పడుకుని, కళ్లు అరమోడ్చి, నెమరేస్తూ దవడలు ఆడిస్తుంటాయి. చూసేవాళ్లకు అది ఖాళీ సమయం. పాల కేంద్రంలో మన చేతికొచ్చే డబ్బును తేల్చే వెన్న శాతం మాత్రం చాలామటుకు ఇలాంటి గంటల మీదే ఆధారపడి ఉంటుంది.

నాలుగు గదుల పొట్ట బొమ్మ బడి పుస్తకంలో ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేద్దాం. నిజానికి ఆ నాలుగు పేర్లు బట్టీ పట్టించే బదులు పిల్లల్ని నెమరేస్తున్న గేదె ముందు పావుగంట కూర్చోబెడితే మేలు. మెడలో ముద్ద కింది నుంచి పైకి రావడం కంటికి కనిపిస్తుంది. దాన్ని 50, 60 సార్లు నమిలి మింగుతుంది. నాలుగైదు సెకన్లు ఆగి ఇంకో ముద్ద తెచ్చుకుంటుంది. ఒక్కో ముద్దకు దాదాపు నిమిషం పడుతుంది. రోజుకు 8 గంటలు నెమరేస్తే 480 ముద్దలు. ముద్దకు 50 చొప్పున లెక్కేసినా 24,000 సార్లు దవడ ఆడినట్టు! ఒక్కో ముద్దను నమిలే లెక్క 40 కంటే తగ్గితే మేతలో పీచు చాలడం లేదని అర్థం. మేత తిన్న రెండు గంటల తర్వాత కొట్టంలోకి వెళ్లి చూస్తే, పడుకున్న వాటిలో కనీసం సగం నెమరేస్తూ ఉండాలి.

అసలు విషయం నమలడంలో కన్నా, నమిలినప్పుడు ఊరే లాలాజలంలో ఉంది. పెద్ద పాడి పశువుకు రోజుకు 100 లీటర్లకు పైగా లాలాజలం ఊరుతుంది. అందులో సోడియం బైకార్బొనేట్ ఉంటుంది, అంటే మన వంటసోడాయే. లెక్కగడితే రోజుకు కిలోకు పైనే. వేసవిలో దాణాలో మనం కలిపే వంటసోడా 50 నుంచి 100 గ్రాములు. పశువు తన నోట్లో తానే తయారుచేసుకునేది దానికి పదింతలు, అదీ పైసా ఖర్చు లేకుండా.

ఆ సోడా ఎందుకంటే, రూమెన్ అనే పెద్ద పొట్టలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి ఆమ్లాలు తయారుచేస్తాయి. వాటిలో ముఖ్యమైనది ఎసిటిక్ ఆమ్లం, వెనిగర్‌లో ఉండేదే. అది రక్తంలో కలిసి పొదుగుకు చేరి అక్కడ వెన్నగా మారుతుంది. పీచును అరిగించే సూక్ష్మజీవులకు పులుపు పడదు. పులుపును కొలిచే పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6 కంటే పైన ఉంటేనే అవి జోరుగా పనిచేస్తాయి. పులుపును విరిచే లాలాజలం తగ్గితే పొట్ట పులుస్తుంది, పీచు అరగడం మందగిస్తుంది, ఎసిటిక్ ఆమ్లం తగ్గుతుంది. మేతలోని కొవ్వు మారే దారి కూడా తప్పి, ట్రాన్స్-10, సిస్-12 కాంజుగేటెడ్ లినోలిక్ ఆమ్లం అనే ఒక రకం కొవ్వు ఆమ్లం పుడుతుంది. పొదుగులో వెన్న తయారీని అది నేరుగా అణిచేస్తుంది. పాలు అన్నే లీటర్లు ఉంటాయి, వెన్న మాత్రం పడిపోతుంది.

చాఫ్ కట్టర్‌తో చొప్పను పొడిపొడిగా కొట్టేస్తే గేదె గబగబా తినేస్తుంది గానీ నెమరెయ్యదు. ముక్క అంగుళం దాకా ఉండాలి. 6 లీటర్లిచ్చే గేదెకు దాణా 4 కిలోలనుకుంటే, ఒకేసారి పోయకుండా పూటకు రెండు కిలోలు పెట్టాలి. వరిగడ్డి 5, 6 కిలోలు అందుబాటులో ఉండాల్సిందే. పచ్చిమేత పుష్కలంగా ఉంది కదా అని ఎండుగడ్డి మానేయకూడదు.

ఇక ఎండ. ఎంత వేడిగా ఉందో థర్మామీటర్ ఒక్కటే చెప్పలేదు, గాలిలో తేమ కూడా చూడాలి. ఈ రెండూ కలిపి లెక్కగట్టే ఉష్ణ-తేమ సూచిక 72 దాటితే సంకరజాతి ఆవుకు ఇబ్బంది మొదలవుతుంది. 40 డిగ్రీలు, 25 శాతం తేమ ఉన్న రోజున ఆ సూచిక 85. 34 డిగ్రీలే ఉండి తేమ 70 శాతమైతే 87! కోస్తాలో ఉక్కపోసే రోజు, రాయలసీమలో మాడ్చే ఎండ కన్నా పశువుకు ఎక్కువ కష్టమన్నమాట. గేదెకు నల్లని చర్మం, తక్కువ చెమట గ్రంథులు. అందుకే చెరువు కనిపిస్తే దిగుతుంది.

వేడెక్కిన పశువు ఒంటికి గాలి తగలాలని నిలబడిపోతుంది, పడుకోదు. నెమరు తగ్గుతుంది. రొప్పుతుంది, చొంగ నేలపాలవుతుంది. రొప్పే కొద్దీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. ఆ తూకం సరిచేయడానికి మూత్రపిండాలు బైకార్బొనేట్‌ను బయటకు పంపేస్తాయి. ఊరే కాస్త లాలాజలంలోనూ సోడా పలచబడుతుంది. మేత మార్చకపోయినా వేసవిలో వెన్న తగ్గడానికి ఇదొక కారణం.

ఒంటి మీద లీటరు నీరు ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. 100 లీటర్ల నీళ్లను దాదాపు 6 డిగ్రీలు వేడిచేయగల వేడి అది. అందుకే చర్మం తడిసేదాకా రెండు నిమిషాలు నీళ్లు కొట్టి, పది పన్నెండు నిమిషాలు ఫ్యాను పెట్టాలి, మళ్లీ మళ్లీ. సన్నని తుంపర వెంట్రుకల మీదే పొరలా నిలిచి వేడిని లోపలే ఆపేస్తుంది. ఫ్యాను లేకుండా నీళ్లు చల్లితే కొట్టంలో తేమే పెరుగుతుంది. నీళ్లు పొదుగు మీదికి కారితే పొదుగువాపు భయం. మేత పులిసేటప్పుడు కూడా వేడి పుడుతుంది, అందుకని ఎక్కువ మేత తెల్లవారుజామున, రాత్రి వేయాలి.

పశువుల పండగ కనుమ చల్లని జనవరిలో వస్తుంది. ఎండ బాధ లేదు, కడిగి కొమ్ములకు రంగులేస్తారు. తెల్లారి చూస్తే పాలూ వెన్నా పడిపోయి ఉంటాయి, దిష్టి తగిలిందంటారు. ఒక కారణం, పిండే వేళ కొట్టం నిండా కొత్త మనుషులు. బెదిరిన గేదెలో అడ్రినలిన్ పెరిగి, పాలు దింపే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పనిని అడ్డుకుంటుంది. గేదె చేపదు, అంటే పాలు వదలదు. అన్నిటికన్నా చిక్కగా ఉండే చివరి పాలు పొదుగులోనే ఉండిపోతాయి. ఎర్రనీళ్లు తిప్పేలోగా చుట్టాలను నాలుగు అడుగులు అవతలికి పంపితే చాలు.

రెండో కారణం ప్రేమతో పెట్టిన పొంగలి. ఉడికిన అన్నం, బెల్లం పొట్టలో చూస్తుండగానే పులిసి లాక్టిక్ ఆమ్లంగా మారతాయి, పీహెచ్ 5 దగ్గరికి జారుతుంది. గుప్పెడు నైవేద్యం పర్వాలేదు, బకెట్టెడు ప్రాణం మీదికి తెస్తుంది. మిగిలిన అన్నం కుడితి తొట్టిలోనూ పోయకూడదు. నెమరు ఆగి, మేత ముట్టక, పేడ పలచగా పుల్లని వాసన వేస్తే రేపటిదాకా ఆగకుండా పశువైద్యుడిని పిలవాలి. గుప్పెడు పొంగలి నోటికందించాక గాడిలో పొడుగాటి వరిగడ్డి వేసి, తొట్టి నిండా మంచినీళ్లు పెట్టి, మధ్యాహ్నమంతా దాని జోలికి వెళ్లకుండా వదిలేయాలి.